ఏప్రిల్‌లో ఫ్యాను వద్దన్న అమ్మ

తెనాలిలో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే గోడ మీద చెయ్యి పెట్టలేం. నాలుగేళ్ల కిందట అలాంటి మధ్యాహ్నం నేను హైదరాబాదు నుంచి వచ్చి ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ హాల్లో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఫ్యాను తిరగడం లేదు. కరెంటు పోయిందేమో అనుకుని స్విచ్ వేశాను.

"వద్దే, చలేస్తోంది. ఆపెయ్" అంది.

జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. అమ్మ మాట కూడా వేరేగా ఉంది. బొంగురుగా, నాలుక మందంగా ఉన్నట్టు, ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడుతోంది. రెండు నెలలుగా ఫోన్లో ఈ గొంతు వింటూనే ఉన్నాను. జలుబు అనుకున్నాను. ఎదురుగా చూశాకే భయం వేసింది. అమ్మకు అప్పటికి 71 ఏళ్లు. నాన్న, పక్కింటి అత్తయ్యగారు, వీధి చివర క్లినిక్‌లో డాక్టరు గారు, అందరూ చెప్పిన మాట ఒక్కటే: "వయసు కదమ్మా, ఇంక అంతే." ఆ డాక్టరు గారు రెండుసార్లు బీ కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చారు. తప్పు ఆయన ఒక్కరిదే అనను. నేనూ ఏడాది పాటు ఆ మాటే నమ్మాను.

ఆ రాత్రి నిద్ర పట్టక వాట్సాప్‌లో అమ్మ పంపిన పాత వాయిస్ మెసేజులు వెతికాను. రెండేళ్ల కిందటి ఉగాదికి పంపింది ఒకటి దొరికింది. పచ్చడిలోకి వేపపూత ఎక్కడ దొరుకుతుందో, ఎంత వెయ్యాలో గలగలా చెప్పింది. ఆ తర్వాతి దసరాకి పంపినదాంట్లో కొంచెం జీర. సంక్రాంతికి ఇంకా బొంగురు. ఆ మూడు మెసేజులూ వరసగా విన్నాక నాకు వయసు మీద నమ్మకం పోయింది. డెబ్బై ఏళ్లుగా మారని గొంతు తొమ్మిది నెలల్లో ఇలా ఎందుకు మారుతుంది?

నేను డాక్టర్ని కాను. అయినా ఈ నాలుగేళ్లలో మా ఇంట్లో, దగ్గరి బంధువుల్లో నలుగురైదుగురి విషయంలో ఇదే ప్రశ్న ఎదురైంది. ఇది వయసా, హార్మోనా? రెండు రకాల తప్పులూ దగ్గర నుంచి చూశాను. ఒకరు "వయసు" అని పరీక్షే రాయరు. ఇంకొకరు "హార్మోన్లు" అని అన్ని పరీక్షలూ ఒకేసారి రాస్తారు. నాకు అర్థమైనంత వరకు ఇద్దరూ వదిలేస్తున్నది ఒకే పని. ఎదురుగా కూర్చున్న మనిషిని "ఇది ఎప్పటి నుంచి? అంతకుముందు ఎలా ఉండేవారు?" అని అడిగి, జవాబు పూర్తిగా వినడం.

అసలు వయసు ఎలా వస్తుందో ముందు చూద్దాం. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడానికి చెయ్యి కాస్త దూరం జరుగుతుంది. కంటి లోపలి కటకం బిరుసెక్కడం వల్ల వచ్చే ఈ మార్పుకు మనవాళ్లు చత్వారం అని పేరు పెట్టారు. చత్వారింశత్ అంటే నలభై. ఎంత చక్కటి పేరో చూడండి, ఎప్పుడొస్తుందో పేరులోనే ఉంది. అది దాదాపు అందరికీ వస్తుంది, ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది, రెండు కళ్లకూ వస్తుంది. ఫలానా నెలలో మొదలైందని ఎవరూ చెప్పలేరు. వయసు తెచ్చే మిగతా మార్పులూ ఈ దారిలోనే నడుస్తాయి. ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్లకు నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ల చొప్పున కండ తగ్గుతుంది. గాఢనిద్ర కొంచెం కొంచెంగా పలచబడుతుంది. తెలిసినవాళ్ల పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయి, కాసేపటికి అదే గుర్తొస్తుంది.

అమ్మకు జరిగింది ఇలా లేదు. కళ్లు మూసుకుని చేసే గోంగూర పచ్చడిలో తర్వాత ఏం వెయ్యాలో తెలియక పొయ్యి దగ్గర నిలబడిపోయిందని నాన్న చెప్పారు. మలబద్ధకం మొదలైంది. మొహం ఉబ్బింది, కళ్ల కింద సంచులు వచ్చాయి. కనుబొమల చివరలు పలచబడ్డాయి. రాత్రిళ్లు అరచేతులు తిమ్మిరెక్కేవి. పాత ఫైలు తీస్తే ఇంకోటి బయటపడింది. ఏడాదిన్నర కిందట కొలెస్ట్రాల్ ఉన్నట్టుండి 290కి పెరిగితే మాత్ర మొదలుపెట్టారు. ఆ మాత్ర వేసుకున్నాక తొడల నొప్పులు ఎక్కువయ్యాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే ప్రతిదానికీ "వయసు" అనే జవాబు సరిపోతుంది. ఇవన్నీ ఏడాదిన్నరలో ఒకే మనిషికి కలిసి వచ్చినప్పుడు ఆ జవాబు సరిపోదు.

గుంటూరులో ఒక ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్లాం. ఆవిడ కాగితం మీద ఏమీ రాయకముందే అమ్మతో పది నిమిషాలు మాట్లాడారు. నేను ఫోన్లో వాయిస్ మెసేజులు వినిపిస్తే మూడూ విన్నారు. తర్వాత అమ్మను కుర్చీలో మోకాళ్ల మీద నిలబెట్టి, మడమ వెనక తాడులా ఉండే స్నాయువు మీద చిన్న సుత్తితో కొట్టారు. పాదం చటుక్కున కదిలింది. వెనక్కి మాత్రం మెల్లగా, నీళ్లలో ఉన్నట్టు వచ్చింది. "ఇది చూశారా? థైరాయిడ్ బాగా పడిపోతే ఇలా వస్తుంది" అన్నారు ఆవిడ. మర్నాడు రిపోర్టు వచ్చింది. ఉండాల్సినది నాలుగున్నర లోపు. అమ్మ టీఎస్‌హెచ్ 74.

ఈ అంకె అర్థం చేసుకోవడం తేలిక. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి మెడలో ఉన్న థైరాయిడ్‌ను పని చెయ్యమని పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపే టీఎస్‌హెచ్. థైరాయిడ్ వెనకబడిన కొద్దీ పిలుపు కేకవుతుంది. 74 అంటే అమ్మ ఒంట్లో ఎన్ని నెలలుగానో ఆ కేక వినిపిస్తూనే ఉంది. వినాల్సిన మేం వినలేదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనం హైదరాబాదుతో సహా 8 నగరాల్లో 5 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించింది. దాదాపు 11 శాతం మందిలో థైరాయిడ్ తక్కువగా ఉంది. వాళ్లలో మూడో వంతు మందికి ఆ పరీక్ష చేసేదాకా సంగతి తెలియదు.

అమ్మకు 25 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు. వయసులో ఉన్నవాళ్లకైతే ఎక్కువ మోతాదుతోనే మొదలుపెట్టొచ్చట. పెద్దవాళ్లకు గుండె మీద భారం పడకుండా మెల్లగా పెంచాలి. ఆరేడు వారాలకోసారి రక్తం తీసి చూసి, ఒక్కో మెట్టు పెంచారు. ఇక్కడ ఒక మాట పెద్దవాళ్లు ఉన్న ప్రతి ఇంటికీ చెప్పాలని ఉంది. ఈ మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి. కాఫీ, టిఫిను కనీసం అరగంట తర్వాత, వీలైతే గంట తర్వాత. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అమ్మకు లేవగానే కాఫీ పడాలి. మొదటి రెండు నెలలు కాఫీతోనే మాత్ర వేసుకునేది. అంకె దిగకపోతే డాక్టరు గారే అడిగి పట్టుకున్నారు. నాలుగో నెలలో అమ్మ ఫోన్ చేసి, "ఏమే, ఉల్లిపాయలు కిలో ఎంత చెప్తున్నారే మీ దగ్గర?" అని గడగడా అడిగింది. పాత గొంతు. నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే "అందరూ థైరాయిడ్ మాత్ర వేసుకోండి" అన్నట్టు అవుతుంది. అది కూడా తప్పే. ఆ తప్పు చెయ్యబోయింది నేనే.

అమ్మ కోలుకున్న ఏడాదికి నాకు 49 నిండాయి. పొద్దున లేచేసరికే అలసట, జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం. ఒక ల్యాబ్ ప్యాకేజీ తీసుకుంటే టీఎస్‌హెచ్ 6.1 వచ్చింది. అమ్మకొచ్చిందే నాకూ వచ్చిందని నిర్ణయించేసుకుని మాత్ర రాయమని డాక్టర్ని పట్టుబట్టాను. ఆవిడ రాయలేదు. "రెండు నెలలు ఆగి మళ్లీ చూద్దాం. ఈలోగా నెలసరి సంగతి చెప్పండి" అన్నారు. చెప్పాను. ఏడాదిగా లెక్క తప్పి వస్తోంది, వచ్చినప్పుడు పది రోజులు ఆగకుండా పోతోంది. హిమోగ్లోబిన్ చూస్తే 8.4. నా అలసటకు కారణం రక్తహీనత. స్కాన్ తీసి, గర్భసంచిలో ఇంకే తేడా లేదని చూసుకుని, రక్తస్రావం తగ్గడానికి మందిచ్చి, ఐరన్ ఎక్కించారు. రెండు నెలల తర్వాత టీఎస్‌హెచ్ దానంతట అదే 3.8కి వచ్చింది. మొదటిసారి కొంచెం ఎక్కువగా వచ్చిన టీఎస్‌హెచ్ తర్వాత ఏ మందూ లేకుండా మామూలుకు రావడం చాలామందిలో జరిగేదేనట. అలాంటి ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం వేసుకునే మాత్ర మొదలుపెట్టకూడదని అప్పుడు తెలిసింది.

పెద్దవాళ్లలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం, ఎందుకంటే వయసుతో పాటు టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. ఎనభై ఏళ్ల మనిషికి ఆరు, ఏడు వస్తే ముప్పై ఏళ్ల అమ్మాయికి వచ్చినట్టు చూడకూడదు. ల్యాబ్ కాగితం మీద మాత్రం ఇద్దరికీ ఒకే గీత ఉంటుంది, ఇద్దరి అంకె పక్కనా ఎర్ర గుర్తు పడుతుంది. 2017లో వెలువడిన ట్రస్ట్ అనే పరీక్షలో, 65 దాటి టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువగా ఉన్న 737 మందిలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత అలసటలో గానీ మిగతా లక్షణాల్లో గానీ రెండు వర్గాలకూ తేడా కనపడలేదు. పైగా మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పలచబడొచ్చు. 74కీ 6కీ పేరు ఒకటే కావచ్చు. చెయ్యాల్సింది మాత్రం వేరు.

ఇంకో చిన్న సంగతి. జుట్టు కోసం వేసుకునే మాత్రల్లో బయోటిన్ ఉంటుంది. అది ఒంట్లో ఉండగా రక్తం ఇస్తే కొన్ని మెషీన్లలో థైరాయిడ్ అంకెలు తప్పుగా వస్తాయి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి, ఆ మాత్ర వాడుతున్నామని ముందే చెప్పాలి.

ఆడవాళ్ల సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం ఆపుకోవడం కష్టం. నెలసరి ఆగిపోవడం వయసా, హార్మోనా? రెండూ. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు ఆగుతుంది. నలభై అయిదు దాటి, నెలసరి అటూ ఇటూ అవుతూ, వేడి ఆవిర్లు వచ్చి అర్ధరాత్రి చెమటతో లేచి కూర్చుంటుంటే, దాన్ని నిర్ధారించడానికి మామూలుగా హార్మోన్ పరీక్షలు కూడా అక్కర్లేదు. అది రోగం కాదు, నిజమే. అలాగని ఆ బాధకు మందు అడగకూడదా? ఆవిర్లు కొందరికి ఏడేళ్లు, అంతకు మించీ ఉంటాయి. 2002లో అమెరికాలో ఈ హార్మోన్లను మందుగా ఇచ్చి చూసిన ఒక పెద్ద పరీక్షను, మేలు కన్నా నష్టమే ఎక్కువని మధ్యలో ఆపేసినప్పటి నుంచి హార్మోన్ చికిత్స అంటే ప్రపంచమంతా భయపడింది. ఆ పరీక్షలో ఉన్న ఆడవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెడితే, రొమ్ము క్యాన్సరు, రక్తం గడ్డకట్టడం లాంటి చరిత్ర లేనివాళ్లకు నష్టం కన్నా మేలే ఎక్కువని తర్వాత తేలింది. మా వదినకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. "అందరికీ వచ్చేదేగా, ఓర్చుకో" అన్నవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

అసలు గాయం మా పిన్నిది. నరసరావుపేట దగ్గర పల్లెలో ఉంటుంది. 33 ఏళ్లకు తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని వెళ్తే గర్భసంచి తీసేశారు. "ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంక దాంతో పనేముంది, క్యాన్సరొస్తుంది" అన్నారట. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారని పిన్నికి పదిహేనేళ్ల తర్వాత, ఒక స్కాన్‌లో తెలిసింది. ఆమె ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది.

అండాశయాలు పోతే, అవి తయారుచేసే, ఎముకలను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోను ఆ రోజే పడిపోతుంది. పదిహేనేళ్ల తర్వాత రావాల్సిన మార్పు ఒక్క రోజులో వస్తుంది. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీయని వాళ్లకన్నా ముందే అవి అలిసిపోవచ్చు. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి అది ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. పిన్ని నలభై నాటికే వంగిపోయింది. నలభై ఆరేళ్ల వయసులో వాకిట్లో కళ్లాపి చల్లుతూ జారితే మణికట్టు విరిగింది. ఊళ్లో అందరూ "పాపం, తొందరగా ముసలిదైపోయింది" అన్నారు. పిన్ని ముసలిది కాలేదు. ఒంట్లోంచి ఒక హార్మోను తీసేసి, దాని బదులు ఏదీ ఇవ్వలేదు. నలభై అయిదు లోపు ఇలా జరిగితే, వేరే అడ్డంకి లేనివాళ్లకు సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ రోజు ఆమె చేతికి ఆ ఒక్క కాగితం ఇచ్చి ఉంటే ఎంత తేడా ఉండేది! ఆ తేడా తలుచుకుంటే ఈ రోజుకీ నిద్ర పట్టదు.

పల్లెల్లో పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. "ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయిందా? తర్వాత పాలు పడ్డాయా? మళ్లీ ముట్టు వచ్చిందా?" కాన్పులో విపరీతంగా రక్తం పోతే పీయూష గ్రంథి దెబ్బతినొచ్చు. 1937లో దీన్ని వివరించిన డాక్టరు పేరు మీద షీహాన్ సిండ్రోమ్ అంటారు. పాలు పడవు, ముట్టు రాదు, చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి, చర్మం పాలిపోయి ముడతలు పడుతుంది. ముప్పై అయిదేళ్ల మనిషి యాభై అయిదేళ్ల మనిషిలా కనిపిస్తుంది. ఇలా పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచాక బయటపడ్డ వాళ్లున్నారు. వీళ్లకు టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మామూలుగా కూడా రావచ్చు, ఎందుకంటే ఇక్కడ చెడిపోయింది పిలిచే గ్రంథే. థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోను కూడా చూడాలి, కిడ్నీల మీదుండే గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ కూడా చూడాలి. ఆ ప్రశ్న అడగకపోతే ఏ ప్యాకేజీలోనూ ఇది దొరకదు.

స్టెరాయిడ్ల సంగతి వదిలిపెట్టలేను. మా పెదనాన్నకు మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న మాత్రతో వారంలో నొప్పి పోయింది, ఆకలి పెరిగింది, మొహం నిండింది. "పెద్దాయనకు మళ్లీ కళొచ్చింది" అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి పొట్ట ముందుకొచ్చింది, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యాయి, గీసుకుంటే చాలు నల్లగా కమిలేది, గొంతుకు కూర్చుంటే లేవలేకపోయేవారు. అందరం "వయసు" అన్నాం. ఆ చిన్న మాత్ర డెక్సామెథసోన్. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ఆర్‌ఎంపీ ఊళ్లో లేని పది రోజులు మాత్ర దొరకక, వాంతులై, బీపీ పడిపోయి పెదనాన్న ఆస్పత్రి పాలయ్యారు. ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాత్ర నెలల తరబడి వాడుతుంటే, అది చెడ్డదని తెలిసిన రోజే ఆపెయ్యకండి. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

ఇక మగవాళ్లు. తమ్ముడికి 43. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యాహ్నం భోజనం చేశాక ఆఫీసులో జరిగిన హెల్త్ చెకప్‌లో రక్తం ఇచ్చాడు. మగ హార్మోను టెస్టోస్టిరాన్ 262 వచ్చింది. 300 కన్నా తక్కువ కాబట్టి నెలనెలా ఇంజెక్షన్లు తీసుకోమని, వయసు పదేళ్లు వెనక్కి వెళ్తుందని ఒక వెల్‌నెస్ క్లినిక్ వాళ్లు చెప్పారట. "అక్కా, నాకు ఇదే కారణం అయ్యుంటుంది. ఎప్పుడూ నిద్రమత్తు, దేని మీదా ఇంట్రెస్ట్ లేదు" అన్నాడు. టెన్షన్ వాడి గొంతులోనే తెలిసింది.

మగవాళ్లలో ఈ హార్మోను ఏడాదికి ఒక శాతం చొప్పున మెల్లగా తగ్గుతుంది. ఆడవాళ్లకు జరిగినట్టు ఒక్కసారిగా ఆగిపోదు. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లను మూడు వేల మందికి పైగా పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, వయసుతో వచ్చే నిజమైన టెస్టోస్టిరాన్ లోపం ఉన్నది నూటికి ఇద్దరికే. ఆ ఇద్దరినీ మిగతావాళ్ల నుంచి వేరు చేసినవి అలసట, నీరసం కావు. కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగం గట్టిపడడం తగ్గిపోవడం, స్తంభన సరిగ్గా లేకపోవడం, ఈ మూడూ కలిసి ఉండడం. పరీక్ష కూడా ఉదయం, పరగడుపున, కనీసం రెండుసార్లు చెయ్యాలి. మధ్యాహ్నం అంకె ఎలాగూ తక్కువే వస్తుంది, తిన్నాక ఇంకా తగ్గుతుంది.

తమ్ముడికి ఉదయం తీయిస్తే 325 వచ్చింది. డాక్టరు మరదల్ని అడిగారు, గురక పెడతాడా అని. ఇల్లంతా వినపడేలా పెడతాడు. రాత్రి నిద్ర పరీక్షలో ఊపిరి పదేపదే ఆగిపోతోందని తేలింది. మూడు నెలల సగటు షుగర్ 7.4. పొట్ట, షుగరు, చెడిన నిద్ర, ఈ మూడూ టెస్టోస్టిరాన్‌ను కిందికి లాగేవే. రాత్రిళ్లు మాస్క్ మెషీన్ పెట్టుకుని, ఏడాదిలో 11 కిలోలు తగ్గాక అంకె 410కి వెళ్లింది. వాడూ మరదలూ రెండో బిడ్డ కోసం చూస్తున్నారు. ఇంజెక్షన్ మొదలుపెట్టి ఉంటే వీర్యకణాల ఉత్పత్తి బాగా పడిపోయేది, రక్తం చిక్కబడే ప్రమాదం ఉండేది. వీటిలో ఒక్కటి కూడా ఆ క్లినిక్‌లో చెప్పలేదు.

పోయిన వయసును సూదిలో నింపి అమ్మడం కొత్త కాదు. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్డ్ అనే పేరున్న శాస్త్రవేత్త, 72 ఏళ్ల వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసం తనకు తానే ఎక్కించుకుని బలం తిరిగొచ్చిందని ప్రకటించాడు. ఆయన నీళ్లతో తీసిన ఆ రసంలో హార్మోను ఉండే అవకాశం దాదాపు లేదని తర్వాత తేలింది. 1990లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 61 దాటిన 12 మందికి గ్రోత్ హార్మోన్ ఇచ్చిన చిన్న అధ్యయనం వచ్చింది. కండ కొంచెం పెరిగింది, కొవ్వు కొంచెం తగ్గింది. దాన్ని పట్టుకుని వ్యాపారాలు ఎంత పెరిగాయంటే, 2003లో ఆ పత్రికే ఆ ప్రకటనలను తప్పుపడుతూ రాయాల్సి వచ్చింది. ఇప్పుడు "అడ్రినల్ ఫెటీగ్" అనే మాట, అంటే అడ్రినల్ గ్రంథులు అలిసిపోయాయని, చాలా వినిపిస్తోంది. హార్మోన్ల (ఎండోక్రైన్) నిపుణులు దాన్ని రోగంగా ఒప్పుకోరు. నిజంగా అడ్రినల్ పడిపోతే బరువు తగ్గుతారు, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడతాయి, నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఉప్పు తినాలనిపిస్తుంది. దానికి అడిసన్స్ అనే పాత పేరు ఉంది, నిర్ధారించే పరీక్ష ఉంది.

ఎక్కువ పనిచేసే థైరాయిడ్ కూడా పెద్దవాళ్లలో వేషం మారుస్తుంది. వయసులో ఉన్నవాళ్లకు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. డెబ్బై దాటినవాళ్లు మాత్రం చడీచప్పుడు లేకుండా చిక్కిపోతారు, తిండి మానేస్తారు, గుండె లయ తప్పుతుంది, "దిగులు పెట్టుకున్నాడు" అనుకుంటాం. అలాగే కిడ్నీలో రాళ్లు మళ్లీ మళ్లీ వస్తూ, ఎముకలు నొప్పిగా, మనసు మబ్బుగా ఉంటే రక్తంలో కాల్షియం చూడమని అడగండి. అది ఎక్కువగా ఉంటే థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథిలో చిన్న గడ్డ ఉండొచ్చు. ఆపరేషన్‌తో చాలావరకు నయమవుతుంది.

ఈ మధ్య డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు నేను ఒక కాగితం తీసుకెళ్తున్నాను. అందులో రోగం పేరు రాయను. "సంక్రాంతికి అరిసెల పిండి తానే కలిపింది, ఉగాదికి గ్లాసు ఎత్తలేకపోయింది" అని రాస్తాను. వాడే మందులన్నీ రాస్తాను, ఆయుర్వేదం, పొడులు, జుట్టు మాత్రలతో సహా. చేయించిన ఆపరేషన్లు, అందులో ఏం తీశారో రాస్తాను. డాక్టరుకు మన ఇంటి మనిషి నిరుటి నడక తెలియదు. మనకు తెలుసు. నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకునే మనిషి ఆర్నెల్లలో గుమ్మం దాటలేకపోతే, అప్పుడూ "వయసు" అనే జవాబే వస్తే, "నిరుడు ఇలా లేరండీ" అని మర్యాదగానే ఇంకోసారి చెప్పాలి. అలాంటప్పుడు మొదట రాసే పరీక్షలు ఖరీదైనవేం కావు. రక్తం శాతం, టీఎస్‌హెచ్, షుగరు, కాల్షియం, సోడియం, క్రియాటినిన్, బీ12. ముప్పై హార్మోన్ల ప్యాకేజీ అడగక్కర్లేదు. అన్నీ మామూలుగా వచ్చి, మార్పు పదేళ్లుగా మెల్లగా వచ్చినదైతే, దాన్ని వయసుగానే ఒప్పుకోవాలి. మా నాన్నకు ఇప్పుడు 79. నడక తగ్గింది, మధ్యాహ్నం కునుకు పెరిగింది. పరీక్షలన్నీ బాగున్నాయి. ఆయన్ని ఏ డాక్టరు దగ్గరకూ ఊరికే తిప్పడం లేదు. సాయంత్రం చెయ్యి పట్టుకుని చెరువు గట్టు దాకా తీసుకెళ్తున్నాం, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమంటున్నాం, పప్పు, గుడ్డు కాస్త ఎక్కువ పెడుతున్నాం.

పిన్నికి ఇప్పుడు 52. వచ్చే మంగళవారం గుంటూరులో ఎముకల డెక్సా స్కాన్‌కు టైము తీసుకున్నాను. "ఈ వయసులో నాకెందుకే ఇవన్నీ, బస్సు ఛార్జీలు దండగ" అంటోంది. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం బీరువాలో పాత పట్టుచీర మడతల్లో ఉందట. అది తప్పకుండా తెమ్మని రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాను.